చేతులు చాలని ఇల్లు

ప్రశ్న: నా వయసు 43. ఉద్యోగం చేస్తున్నాను. మా అమ్మకి 74. నాన్న పోయాక మా దగ్గరే ఉంటోంది. రెండేళ్ల కిందట పడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది కానీ ఈమధ్య మతిమరుపు బాగా పెరిగింది. నాకు ఇద్దరు పిల్లలు. బాబుకి 15, పాపకి 5. సాయంత్రం అమ్మ పాపకి జడ వేస్తుంది. పది నిమిషాలకి ఆ సంగతి మరిచిపోయి మళ్లీ పిలుస్తుంది, విప్పి మళ్లీ వేస్తుంది. పాప ఏమీ అనదు, వెళ్లి కూర్చుంటుంది. చూసినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది. మా వారు అడిగితే చేస్తారు. అన్నయ్య దూరంగా ఉంటాడు, డబ్బు పంపిస్తాడు. మొన్న ఫోన్లో, "పూర్వం మనుషులు ముప్పై ఏళ్లకే పోయేవాళ్లు. పిల్లల్ని కనే వయసు దాటాక మనిషితో ప్రకృతికి పనిలేదు. ముసలితనం మందులు తెచ్చిపెట్టిందే. నువ్వు టెన్షన్ పడకు, ఏదైనా హోమ్‌లో చేర్పిద్దాం" అన్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది, అమ్మ వినేసింది. అప్పట్నుంచి "నేనింకా ఎందుకున్నానో" అంటోంది. సైన్స్ నిజంగా అలాగే చెబుతుందా? పాపా అమ్మా ఒకేసారి పిలిస్తే నా కాళ్లు పాప వైపే పరిగెడతాయి. రాత్రిళ్లు ఒక్కోసారి ఇదంతా ఎప్పుడు అయిపోతుందా అనిపిస్తుంది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం. నేను చెడ్డ కూతురినా?

— ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో చివరి ప్రశ్నకి ముందే జవాబు చెప్పేస్తాను. కాదు. ఇక మీ అన్నయ్య మాట సంగతి చూద్దాం. అది మీ అమ్మగారి చెవిన పడింది కాబట్టి దాన్ని అలా వదిలేయకూడదు.

"పూర్వం ముప్పై ఏళ్లకే పోయేవాళ్లు" అనే మాట సగటుని సరిగ్గా అర్థం చేసుకోకపోవడం వల్ల పుట్టింది. పదిమంది పుట్టారనుకోండి. అయిదుగురు ఏడాది నిండగానే పోయారు. మిగతా అయిదుగురూ 65 దాకా బతికారు. సగటు లెక్కేస్తే 33 వస్తుంది. కానీ ఆ పదిమందిలో ముప్పై మూడేళ్లకి పోయినవాళ్లు ఒక్కరూ లేరు. పాతకాలంలో ఆయుర్దాయాన్ని అంత కిందకి లాగింది పసిపిల్లల చావులు. వేటాడుతూ, అడవిలో ఏరుకుంటూ బతికే సమాజాల జనన మరణాల వివరాలన్నీ ఒకచోట చేర్చి, మైకేల్ గర్వెన్, హిల్లర్డ్ కాప్లన్ అనే మానవ శాస్త్రవేత్తలు 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. ఆస్పత్రి లేదు, యాంటీబయాటిక్స్ లేవు. అయినా పెద్దయ్యేదాకా బతికి బట్టకట్టినవాళ్లలో ఎక్కువమంది ఏ వయసు దగ్గర పోతున్నారని చూస్తే, అది ఇంచుమించు డెబ్భై. 45 దాటినవాళ్లకి సగటున ఇంకో ఇరవై ఏళ్ల బతుకు ఉంది. అంటే అమ్మమ్మలు, తాతయ్యలు మందులు కనిపెట్టక ముందు నుంచే ఉన్నారు. మందులు చేసింది ఏమిటంటే, వాళ్లని మరింత ఎక్కువమందిని బతికించాయి.

ఇక "కనే వయసు దాటాక ప్రకృతికి పనిలేదు" అన్న మాట. ఇది ఒకప్పుడు శాస్త్రవేత్తల్ని కూడా తికమక పెట్టిన విషయమే. చింపాంజీ ఆడవాటికి కూడా పిల్లల్ని కనే శక్తి మనలాగే యాభై దగ్గరికి వచ్చేసరికి ఉడిగిపోతుంది. కానీ అంతదాకా బతికేవే తక్కువ. ఆ తర్వాత కూడా బతికేవి మరీ అరుదు. ఆడమనిషి అలా కాదు. ముట్లు ఆగిపోయాక ఇంకో పాతికేళ్లు గట్టిగా తిరుగుతుంది. ఎందుకు?

దీనికి ఒక మంచి జవాబు టాంజానియాలో, ఎయాసీ సరస్సు చుట్టుపక్కల బతికే హాడ్జా అనే జనం దగ్గర దొరికింది. 1980లలో క్రిస్టెన్ హాక్స్, జేమ్స్ ఓకానెల్, నికొలస్ బ్లర్టన్ జోన్స్ అనే ముగ్గురు పరిశోధకులు అక్కడికి వెళ్లి, ఎవరు ఏ పని ఎంతసేపు చేస్తున్నారో, ఎంత తిండి తెస్తున్నారో రోజులకి రోజులు కూర్చుని రాసుకున్నారు. అక్కడి ఆడవాళ్ల ముఖ్యమైన పనుల్లో ఒకటి దుంపలు తవ్వడం. ఎండిపోయిన నేల. దుంప లోతుగా, రాళ్ల సందుల్లో ఉంటుంది. మొన చెక్కిన కర్రతో పొడుస్తూ, మట్టి చేత్తో తోడేస్తూ, రాయిని కదిలించి పక్కకి దొర్లిస్తూ చేయాలి. చిన్నపిల్లల వల్ల అయ్యే పని కాదు. కనే వయసు దాటిన ఆడవాళ్లు ఆ పనికి వయసులో ఉన్నవాళ్ల కంటే ఎక్కువ గంటలు వెచ్చిస్తున్నారు. దాంతోపాటు పిల్లల్ని కూడా ఎప్పటికప్పుడు తూకం వేసి చూశారు. మామూలు రోజుల్లో పిల్లవాడి బరువు పెరగడం తల్లి ఎంత కష్టపడిందన్న దాన్ని బట్టి ఉంది. కానీ తల్లి మళ్లీ బాలింతయ్యాక లెక్క మారిపోయింది. అప్పుడు పెద్దపిల్లవాడి బరువు అమ్మమ్మో నాయనమ్మో ఎంత తవ్విందన్న దాన్ని బట్టి పెరిగింది.

నేను ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు మా అమ్మమ్మ చేతుల గురించే ఆలోచించాను.

పెద్దల సాయం అంత అవసరం ఎందుకైందో మీ పాపని చూస్తే తెలుస్తుంది. తనకి అయిదేళ్లన్నారు. మనిషి జీవితంలో మెదడు అన్నిటికంటే ఎక్కువ తినేసే వయసు ఇదే. క్రిస్టఫర్ కుజావా అనే మానవ శాస్త్రవేత్త బృందం 2014లో లెక్క కట్టింది. అయిదేళ్లప్పుడు, శరీరం ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు 66 శాతం మెదడుకే పోతుంది. పెద్దవాళ్లలో ఇది 20 శాతం చుట్టూ ఉంటుంది. అందుకే సరిగ్గా ఆ వయసులో ఒళ్లు ఎదగడం బాగా నెమ్మదిస్తుంది. ఉన్న శక్తినంతా మెదడు లాగేసుకుంటే ఒంటికి మిగిలేది తక్కువ. చింపాంజీ పిల్ల పాలు మానాక తన తిండి చాలావరకు తనే వెతుక్కుంటుంది. తల్లి మళ్లీ కనడానికి అయిదారేళ్లు పడుతుంది. మనిషి పిల్ల రెండు మూడేళ్లకే పాలు మానేస్తుంది కానీ, తన తిండి తాను సంపాదించుకోవడానికి పద్దెనిమిది, ఇరవై ఏళ్లు పడుతుంది. ఈలోగా తల్లికి ఇంకో బిడ్డ, ఆ తర్వాత మరో బిడ్డ. ఒక్క మనిషి వల్ల అయ్యే పనేనా? కాదు. ఎప్పుడూ కాలేదు.

ఇది ఒక్క హాడ్జా వాళ్ల కథే అని కొట్టిపారేయడానికి కూడా లేదు. ఫిన్లాండ్, కెనడా దేశాల్లో 18, 19 శతాబ్దాల నాటి చర్చి రిజిస్టర్లు తిరగేసి, మిర్కా లాదెన్‌పెరా, విర్పి లుమ్మా బృందం 2004లో ఒక లెక్క తేల్చింది. యాభై దాటాక ఒక స్త్రీ బతికిన ప్రతి పదేళ్లకీ ఆమెకి సగటున ఇద్దరు మనవలు అదనంగా ఉన్నారు. సముద్రంలో ఓర్కా తిమింగలాలు కూడా ఇలాంటివే. నలభై దగ్గర కనడం ఆపేసిన ముసలి ఆడవి ఆ తర్వాత దశాబ్దాల పాటు బతుకుతాయి. సాల్మన్ చేపలు కరువైన ఏడాది గుంపుకి ముందు నడిచేవి అవే.

కాబట్టి మీ అన్నయ్యకి చెప్పండి. కనే వయసు దాటిన మనుషులు ఉండబట్టే మనిషి పిల్లలు ఇంత నెమ్మదిగా, ఇంత పెద్ద మెదడుతో ఎదగగలిగారు అని చాలామంది శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. దీని మీద ఇంకా వాదనలున్నాయి. వేటాడే మగవాళ్ల వాటా ఎంత, తాతల వాటా ఎంత అని తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. కానీ పెద్దవాళ్లతో పనిలేదనే మాట మాత్రం ఆ వాదనల్లో ఎవరూ అనడం లేదు.

అయితే మీతో నిజాయితీగా ఉండాలి కదా. మీ అన్నయ్య మాటలో ఒక చిన్న ముక్క నిజం ఉంది. వయసు పైబడేకొద్దీ ప్రకృతి వరణం, అంటే లోపాల్ని ప్రకృతి తరతరాలుగా ఏరిపారేసే పద్ధతి, పట్టు సడలుతుంది. జీవశాస్త్రవేత్త పీటర్ మెదవార్ 1952లోనే ఈ సంగతి వివరించాడు. పాతికేళ్లకే ప్రాణం తీసే లోపం పిల్లలకి అందకుండానే చాలావరకు పోతుంది. డెబ్భై అయిదులో బయటపడే లోపం అప్పటికే పిల్లలకీ మనవలకీ అందిపోయి ఉంటుంది, దాన్ని ఏరిపారేసే శక్తి ప్రకృతికి ఉండదు. ఎముకలు గుల్లబారడం, మతిమరుపు, చూపు మందగించడం ఇలాంటివన్నీ ఆ వయసులో గుంపుగా వచ్చిపడేది అందుకే. ఇందులో మీ అమ్మగారి తప్పూ లేదు, మీరు సరిగ్గా చూసుకోకపోవడమూ లేదు.

ఇంకో విషయం. వేటాడి బతికే సమాజాల్లో ఎవరి కష్టం ఎవరికి చేరుతోందని కొలిచినప్పుడు, తిండి ప్రధానంగా పెద్దల నుంచి పిల్లల వైపే పారుతోందని తేలింది. నీళ్లు పల్లానికి పారినట్టు. పాపా అమ్మా ఒకేసారి పిలిస్తే మీ కాళ్లు పాప వైపు పరిగెట్టడంలో తప్పు వెతకకండి. మీ అమ్మగారు కూడా మీ చిన్నప్పుడు తన తల్లిని ఒక్క నిమిషం ఆగమని మీ దగ్గరికే పరిగెత్తి ఉంటారు. కాస్త బాగున్న రోజు చూసి అడగండి, చెబుతారు.

మరి కిందనుంచి పైకి, అంటే పిల్లల నుంచి తల్లిదండ్రుల వైపు వెళ్లే సాయం? బిడ్డ ఏడుపు వినగానే లేపి కూర్చోబెట్టే తొందర మనలో ఉన్నంత బలంగా ఇది లేదనిపిస్తుంది. అందుకే దీనికి ఓపిక కావాలి, నిర్ణయం కావాలి, రోజూ లేచి మళ్లీ మొదలుపెట్టాలి. అయినా మనుషులు ఇది ఎప్పట్నుంచో చేస్తున్నారు. ఉత్తర వియత్నాంలో మాన్ బాక్ అనే చోట 2007లో పురావస్తు శాస్త్రవేత్తలు ఒక యువకుడి అస్థిపంజరం తవ్వి తీశారు. దాదాపు నాలుగు వేల ఏళ్ల నాటిది. మిగతా సమాధుల్లో మనుషుల్ని వెల్లకిలా చాపి పడుకోబెట్టారు. ఇతన్ని మాత్రం ముడుచుకున్న భంగిమలోనే పాతిపెట్టారు. మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. కాళ్ల ఎముకలు వాడక సన్నబడి పెళుసైపోయాయి. లోర్నా టిల్లీ, మార్క్ ఆక్సన్‌హామ్ ఆ ఎముకల్ని చదివి చెప్పిందేమిటంటే, అతనికి ఇంకా కుర్రవయసులోనే నడుము కింద భాగం చచ్చుబడిపోయింది, చేతులు కూడా సరిగ్గా ఆడేవి కావు. అయినా ఆ తర్వాత దాదాపు పదేళ్లు బతికాడు.

పదేళ్లంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. తినిపించాలి. కడగాలి. పుండ్లు పడకుండా అటూ ఇటూ ఒత్తిగిల్లించాలి. చలిలో కప్పాలి. లోహం అంటే ఏమిటో తెలియని జనం, చేపలు పట్టుకుని వేటాడి బతికినవాళ్లు, పనికిరాడని అతన్ని వదిలేయలేదు. అతనికి పిల్లలు పుట్టే అవకాశం లేదు, తవ్విపెట్టే శక్తి లేదు. ప్రకృతికి పనుందా లేదా అని వాళ్లు లెక్కలు వేసుకోలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు కాగితం మీద ఒక లెక్క రాసుకున్నాను. మీ ఇంట్లో చూసుకోవాల్సినవాళ్లు ముగ్గురు. చూసుకునే చేతులు రెండు, అవి మీవి. "మా వారు అడిగితే చేస్తారు", "అన్నయ్య డబ్బు పంపిస్తాడు" అని రాశారు. అది అప్పుడప్పుడు అందే సాయం. ఇంటి బరువు పంచుకోవడం వేరు.

కాంగోలో బయాకా అనే అడవి జనం మధ్య నిఖిల్ చౌధరి బృందం చేసిన పరిశోధన 2023లో వచ్చింది. అక్కడ ఒక్కో పసిబిడ్డని రోజులో పది మంది దాకా, ఒక్కోసారి ఇరవై మందికి పైగా చూసుకుంటున్నారు. ఎత్తుకునేవాళ్లు, ఏడిస్తే ఊరుకోబెట్టేవాళ్లు, పక్కన కూర్చునేవాళ్లు. వాళ్లలో పెద్దపిల్లలు కూడా ఉన్నారు. మనిషి కుటుంబం ఇన్ని చేతుల మధ్య పుట్టి పెరిగింది. ఆ పనంతా ఒక్క మనిషి మీద వేసి, పైగా ఉద్యోగం కూడా చేయమని, రాత్రి పడుకోబోయే ముందు "నాలో ప్రేమ లేదేమో" అని ఆ మనిషే అనుకునేలా చేయడం ఘోరం. మీలో ప్రేమకి లోటు లేదు. మనుషులు తక్కువయ్యారు. "ఇదెప్పుడు అయిపోతుందా" అన్న ఆలోచన ఆ అలసట నోట వచ్చిన మాట. మా నాన్నగారిని ఆఖరి మూడేళ్లు నేను చూసుకున్నాను. చొక్కా గుండీలు పెట్టేటప్పుడు ఆయన ఒక్కో కాజా మీద వేలు ఆనించి నా కోసం ఆగేవారు, నాకు సాయం చేస్తున్నట్టు. అంత ప్రేమగల మనిషి పక్కన ఉండగా కూడా నాకు ఆ ఆలోచన వచ్చింది. చాలాసార్లు వచ్చింది.

దీన్ని నిర్లక్ష్యం చేయకండి. అమెరికాలో రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్ 1999లో ప్రచురించిన పరిశోధనలో, జీవిత భాగస్వామిని చూసుకుంటూ బాగా ఒత్తిడికి గురైన పెద్దవాళ్లు, అలాంటి బాధ్యత లేనివాళ్లతో పోలిస్తే నాలుగేళ్లలో చనిపోయే అవకాశం 63 శాతం ఎక్కువని తేలింది. 2013లో ఇంకో పెద్ద అధ్యయనం ఇంట్లోవాళ్లని చూసుకునే అందరినీ కలిపి లెక్కేస్తే, వాళ్లలో చావులు మిగతావాళ్ల కంటే 18 శాతం తక్కువని చూపించింది. రెండూ ఒకదానికొకటి అడ్డం వచ్చేలా కనిపిస్తాయి కానీ, నా ఉద్దేశంలో రెండూ ఒకే సంగతి చెబుతున్నాయి. ఒకరిని చూసుకోవడం మనిషికి మంచే చేస్తుంది, ఊపిరాడనంతగా నెత్తి మీద పడితే తప్ప. మీకు ఊపిరాడటం లేదు.

అందుకని, మొదట మీ అమ్మగారిని మతిమరుపు కోసమే ప్రత్యేకంగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. వయసు కదా అని సరిపెట్టుకోవద్దు. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, దిగులు లోపల పేరుకున్నా, వినికిడి తగ్గినా, వేసుకునే మాత్రలు పడకపోయినా మతిమరుపులాగే కనిపిస్తుంది. వీటిలో చాలావాటిని సరిచేయవచ్చు. డిమెన్షియా అని తేలినా, ఏం రాబోతోందో తెలిసి ఉండటం నయం. "నేనింకా ఎందుకున్నానో" అన్న మాట కూడా డాక్టర్‌కి చెప్పండి. తిండి తగ్గినా, నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలని ఉందని అన్నా ఆగకుండా చెప్పండి.

మీ వారి విషయం. "అడిగితే చేస్తారు" అంటే, అడగాలని గుర్తుపెట్టుకునే పని మీకే మిగిలిందన్నమాట. ముక్కలు ముక్కలుగా పనులు చెప్పడం మానేసి ఒక మొత్తం పని ఆయనకి అప్పజెప్పండి. అమ్మగారి మందులు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు, రిపోర్టులు పూర్తిగా ఆయనవి. మాత్రలు అయిపోయాయని మీరు గుర్తుచేయకూడదు. మొదట్లో తప్పులు జరుగుతాయి, జరగనివ్వండి. మగవాళ్లకి ఈ పనులు రావనే మాట నేను నమ్మను. ఫిలిప్పీన్స్‌లోని సెబు నగరంలో 624 మంది యువకుల్ని కొన్నేళ్లపాటు గమనించి, లీ గెట్లర్ బృందం 2011లో చెప్పింది. తండ్రయ్యాక మగవాళ్లలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ బాగా తగ్గింది, రోజుకి మూడు గంటలు, అంతకంటే ఎక్కువ బిడ్డతో గడిపినవాళ్లలో మరీ తగ్గింది. చూసుకోవడానికి మగవాళ్ల ఒళ్లు కూడా తయారయ్యే ఉంది. ఆ పని చేతికి రావాలంటే పని చేయాలి.

పదిహేనేళ్ల బాబు గురించి మీరు వయసు తప్ప ఒక్క ముక్క రాయలేదు. ఎన్నో సమాజాల్లో ఆ వయసు పిల్లలే చిన్నవాళ్లకీ పెద్దవాళ్లకీ తోడు. చదువు పాడవుతుందని భయపడకండి. రోజూ ఒక అరగంట అమ్మమ్మని చేయి పట్టుకుని నడిపించే బాధ్యత వాడిది. తుంటి ఆపరేషన్ అయినవాళ్లకి నడక మానకుండా ఉండటం చాలా అవసరం.

హోమ్‌లో చేర్పించడం పాపం అని నేను అనను. రాత్రిళ్లు లేచి బయటికి వెళ్లిపోవడం మొదలైతే, ఎత్తి దించాల్సిన స్థితి వస్తే, అప్పుడు దాని గురించి నిజంగానే ఆలోచించాల్సి రావచ్చు. కానీ ఆ నిర్ణయం స్పీకర్ ఫోన్ మీద, ఆవిడ వింటుండగా, ఆవిడతో పనిలేదన్న కారణంతో జరగకూడదు. పగటిపూట కొన్ని గంటలు చూసుకునే మనిషి కోసమో, డే కేర్ కోసమో ముందు ప్రయత్నించండి. అన్నయ్య పంపే డబ్బు దానికి వాడండి. ఆయన్ని రెండు అడగండి. ఏడాదిలో రెండుసార్లు, పది రోజుల చొప్పున వచ్చి అమ్మ బాధ్యత పూర్తిగా తీసుకోవాలి. ఆ పది రోజులు మీరు ఇంట్లో ఉండకపోయినా పరవాలేదు. రెండోది, రోజూ ఒక వేళ పెట్టుకుని అమ్మకి ఫోన్ చేయాలి. మీకు కాదు, ఆవిడకి. ఆవిడ చిన్నప్పటి సంగతులు అడగాలి. నిన్నటివి జారిపోయినా ఆ సంగతులు చాలాకాలం నిలుస్తాయి. అన్నయ్య తను అన్న మాటని తనే అలా నెమ్మదిగా చెరిపేసుకోవచ్చు.

ఇక ఆ జడ. చూసినప్పుడల్లా ఏడుపొస్తుందన్నారు. మీకు అందులో అమ్మ చేజారిపోవడం కనిపిస్తోంది, అది నిజమే, ఏడవండి. కానీ ఒక్కసారి పాప వైపు నుంచి చూడండి. అయిదేళ్ల పిల్ల, ఒకే సాయంత్రం రెండుసార్లు తన తల మీద అమ్మమ్మ చేతులు పడుతున్నాయి. రెండుసార్లూ అంతే శ్రద్ధగా. ఎందుకున్నానో అంటున్న మనిషికి కూడా ఆ పావుగంటసేపు తనెందుకుందో తెలుసు. ఆవిడ పిలిచినప్పుడు "ఇప్పుడే వేశావు కదమ్మా" అనకండి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్న సమయం అది. మాట వినపడేంత దూరంలో, పక్క గదిలో, తలుపు తీసే ఉంచి మీరు కాసేపు నడుం వాల్చండి.